పూర్తిగా చూసినవి

సారపాకలో కాగితం మిల్లు క్వార్టర్ల వెనక వీధికి వచ్చి షాలేమ్‌రాజు ఇల్లెక్కడని అడిగితే, "సినిమాల రాజేనా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ చూపిస్తారు. అతను సినిమాలు తీసేవాడు కాదు, ఆడించేవాడూ కాదు. మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను. గుజ్జు ఎంత చిక్కగా ఉందో, ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉందో చెప్పే మీటర్లను కనిపెట్టుకుని ఉండటం అతని పని. అది రోజుకు ఎనిమిది గంటలు. మిగతా పదహారు గంటల్లో తిండీ నిద్రా పోగా మిగిలిందంతా హాల్లో టీవీ కింద కూర్చున్న నల్ల పెట్టెకే.

ఆ పెట్టె ఒకప్పుడు ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన కంప్యూటరు. రాజు దాన్ని తెచ్చి, దుమ్ము దులిపి, లోపల నాలుగు టీబీల హార్డ్ డిస్క్ బిగించి టీవీకి కలిపాడు. ఇక రిమోట్ నొక్కితే చాలు. సినిమాలు, పాటలు, పాస్టరుగారి వాక్య ప్రసంగాలు, పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, అన్నీ బొమ్మలతో సహా తెర మీద వరస కడతాయి. ఎవరు ఏది ఎప్పుడు చూశారో, ఎంతవరకు చూశారో, మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో అన్నీ ఆ పెట్టే గుర్తుపెట్టుకుంటుంది. భార్య పుట్టినరోజు మర్చిపోయే మనిషి ఇంట్లో ఇంత జ్ఞాపకశక్తి ఉన్న వస్తువు ఉండటం విడ్డూరమే.

పెట్టె సంగతి వీధి దాటి, చర్చి దాటి, మిల్లు క్యాంటీను దాకా పాకింది. ఎవరింట్లో శుభకార్యమైనా సరే, వీడియో చేతికి రాగానే పెన్‌డ్రైవ్ పట్టుకుని రాజు గుమ్మంలో తేలేవారు. "మా ఇంట్లో ఉంటే పిల్లలు పోగొడ్తరన్నా. నీ కాడుంటే లాకర్ల పెట్టినట్టే" అనేవారు. అంతే, రాజు ఐసు ముక్కలా కరిగిపోయేవాడు. పొగడ్త వీధి మలుపులో ఉండగానే లేచి కుర్చీ వేసే రకం అతను. కాదనే మాట ఆ నోట పుట్టలేదు. అలా నాలుగేళ్ళలో బాప్తిస్మాలు, నిశ్చితార్థాలు, రిటైర్మెంటు సన్మానాలు, ఎవరో ముక్కూముఖం తెలియని వాళ్ళ చీరల ఫంక్షన్లు, అన్నీ ఆ పెట్టెలో కాపురం పెట్టాయి.

ఒకరోజు తుల్సీరాం వచ్చాడు. ములకలపల్లి దిక్కు తండా మనిషి, మిల్లు కర్రల యార్డులో సూపర్‌వైజరు, రాజుకు పక్కింటి వాడు. కూతురు జ్యోత్స్న పెళ్ళి చేసి నెల తిరక్కముందే పెద్ద హార్డ్ డిస్కే తెచ్చాడు.

"మూడు రోజుల పెళ్ళి తమ్మీ. డ్రోను గూడ ఎగిరేసినం. మొత్తం కలిపి నాలుగు వందల జీబీ అన్నడు ఫొటోగ్రాఫరు. నీ పెట్టెల ఇంత జాగా ఇయ్యి."

రాజు రిమోట్ నొక్కి చూపించాడు. తెర మీద ఎర్ర గీత ఈ చివర నుంచి ఆ చివరకు నిండిపోయి ఉంది. నాలుగు వందలు కాదు కదా, నలభై జీబీలకు కూడా చోటు లేదు. అయినా తుల్సీరాం మొహం చూసి, "ఆదివారం లోపల చేస్త అన్నా, నాది పూచీ" అనేశాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టాడు. భార్య హెప్సిబా దవాఖానాలో నర్సు. కూతురు స్తుతి తొమ్మిదో తరగతి. తల్లి ముత్యాలమ్మ గోడ పక్క తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రాజు ఒక్కో సినిమా బొమ్మ మీదికి వెళ్ళి, "ఇది తీసేద్దామా?" అని అడగసాగాడు.

"అది ఉంచండి. సగం చూసిన. మిగిలింది చూడాలె" అంది హెప్సిబా.

"ఇది?"

"అదీ సగమే."

"ఇదైతే నాలుగేండ్ల కిందటిది కదనే."

"నాలుగేండ్ల నుంచి సగం దగ్గరనే ఉన్న. డ్యూటీ చేసొచ్చి కూసుంటే ఇంటర్వెల్‌కు నిద్రొస్తది. అది నా తప్పా?"

స్తుతిది ఇంకో తీరు. కొట్లాట అయ్యేదాకా చూసి, చివర్లో అందరూ కలిసిపోయే ఘట్టం రాగానే ఫోన్లోకి తల దూర్చేస్తుంది. రాజుకేమో ఏ సినిమా చూస్తున్నా షిఫ్టు టైమవుతుంది. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఒక్క సినిమా శుభం కార్డు దాకా చూసిన ప్రాణి లేదు. అలాగని ఒక్కటి తీసేయడానికి ఒప్పుకున్న ప్రాణీ లేదు.

"అమ్మా, నీవి ఏమున్నయే? ఏమన్న తీసేయాల్నా?" అని చివరికి తల్లిని అడిగాడు.

"నావి ఏమున్నయి రా. నీ ఇష్టం" అంది ముత్యాలమ్మ. ఆమె నోటి దగ్గర చెవి పెడితే గానీ మాట వినపడదు. మూడేళ్ళ కింద మెడలో గడ్డ తీశారు. తీయకపోతే ప్రాణానికే ముప్పని, తీస్తే గొంతు తగ్గొచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. ప్రాణం నిలిచింది, గొంతు తగ్గింది. అంతకుముందు ఆ గొంతు మైకు లేకుండా చర్చి బయట సైకిల్ స్టాండు దాకా వినిపించేది.

ఆ సాయంత్రం రాజుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. సగం చూసినవి కదా వీళ్ళకు కావాల్సింది, ఉంచుదాం. పూర్తిగా చూసేసినవి ఇక ఎవరికి కావాలి? తిన్న విస్తరి ఎవరైనా దాచుకుంటారా? పెట్టెకు ఆ మాటే నియమంగా రాసిపెట్టాడు. చివరిదాకా చూసిన ప్రతిదాన్నీ తీసేయి, సగంలో ఆగినవాటి జోలికి పోకు. మీట నొక్కే ముందు పెట్టె పాపం మర్యాదగా అడిగింది, పదకొండు వందల పైచిలుకు వస్తువులు పోతాయి, జాబితా చూస్తారా అని. మిల్లులో కొత్తగా చేరిన ట్రైనీలకు రాజు మొదటి రోజే చెప్పే పాఠం ఒకటుంది. తెర మీద ఏం రాసుందో చదవకుండా మీట నొక్కినవాడు టెక్నీషియను కాదు, కోతి అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ గానీ, చెప్పేవాడికి చెప్పేదెవరు? షిఫ్టుకు టైమైందని రాజు జాబితా చూడకుండానే సరే నొక్కి, టిఫిన్ బాక్సు పట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఎర్ర గీత సగానికి తగ్గి పచ్చగా మారింది. సినిమాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తుల్సీరాం కూతురి పెళ్ళి డ్రోనుతో సహా లోపలికెళ్ళింది. రాజు ఆ వారమంతా క్యాంటీన్లో తన తెలివి గురించి తానే చెప్పుకుని మురిసిపోయాడు. ఎవరడిగినా, అడక్కపోయినా కూడా.

తొమ్మిది రోజులు గడిచాయి. మంగళవారం రాజుకు వీక్లీ ఆఫ్. ఆ సాయంత్రం వాళ్ళింట్లో గృహ కూడిక ఉంది. నెలకొకసారి ఒక్కో ఇంట్లో విశ్వాసులు చేరి పాటలు పాడుకుని, వాక్యం విని, సాక్ష్యాలు చెప్పుకుని, ప్రార్థన చేసుకుని, టీ తాగి వెళ్తారు. మధ్యాహ్నం మూడింటప్పుడు పాస్టరు ప్రభు ఫోను చేశాడు.

"రాజూ, సహోదరీలందరు ఒక్కటే అడుగుతున్నరు. మీ అమ్మగారు ఆరేండ్ల కింద చర్చి సభల్లో పాడిన పాట నీ కాడుంది కదా. కొత్తగా వచ్చినోళ్ళు ఆమె గొంతు విననే లేదు. ఇయ్యాల కూడికలో టీవీల పెట్టు."

"దానికేం అయ్యగారూ, ఒక్క నొక్కుడు" అన్నాడు రాజు. ఆ పాట ముత్యాలమ్మ సొంతంగా కట్టుకున్నది. కాగితం మీద పెట్టలేదు, బాణీ ఎవరికీ నేర్పలేదు. సభల్లో ఒక్కసారి వీడియో తీశారు, అంతే. దాని కాపీ ఈ భూమ్మీద ఉన్నది రాజు పెట్టెలోనే.

రాజు రిమోట్ తీసుకుని ప్రార్థనల ఫోల్డరు తెరిచాడు. ఖాళీ. పొరపాటున వేరేది తెరిచానేమోనని మూసి మళ్ళీ తెరిచాడు. ఖాళీయే. పాస్టరు వాక్యాలు లేవు, స్తుతి బాప్తిస్మం లేదు, క్రిస్మస్ ఆరాధనలు లేవు. తల్లి పాట లేదు. ఏడు వందల సినిమాలు మాత్రం కొండరాళ్ళలా కదలకుండా ఉన్నాయి.

ఎందుకు పోయాయో అర్థం కావడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఇంట్లో సినిమాను ఎక్కడైనా ఆపొచ్చు. కానీ ప్రార్థనను ఆమేన్ అనకముందు ఆపడానికి లేదు. ఎన్నో ఏళ్ళుగా అదే పద్ధతి. వీడియోలో పాస్టరు ముగింపు ప్రార్థన మొదలుపెడితే, కూర పొయ్యి మీద మాడుతున్నా సరే, అందరూ టీవీ ముందు లేచి నిలబడి కళ్ళు మూసుకునేవారు. ఆమేన్ వినబడ్డాకే రిమోట్ మీద చెయ్యి పడేది. కాబట్టి పెట్టె లెక్కలో ఆ ఇంట్లో పూర్తిగా చూసినవి ఏవయ్యా అంటే, అచ్చంగా ప్రార్థనలే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

రాజు పెట్టె రాసుకున్న చిట్టా తెరిచాడు. తీసేసిన వాటి జాబితాలో తల్లి పాట మొట్టమొదట ఉంది. పక్కన పెట్టె రాసింది, పూర్తిగా చూసిన సార్లు, ఆరు వందల పన్నెండు.

తను చూసింది మహా అయితే నాలుగుసార్లు. హెప్సిబా రెండుసార్లు. మిగిలినవి ఎవరు? రాజు తేదీలు చూశాడు. దాదాపు ప్రతిరోజూ, మధ్యాహ్నం రెండుంబావుకి. హెప్సిబా డ్యూటీలో, స్తుతి బళ్ళో, తను మిల్లులో ఉండే వేళ. తను రాత్రి షిఫ్టు చేసొచ్చి పక్క గదిలో పడుకున్న రోజుల్లో కూడా ఆ పాట ఆడింది. అతనికెప్పుడూ వినబడలేదు. అంటే కొడుకు నిద్ర చెడుతుందని సౌండంతా తగ్గించి, తన నోరు కదలటం తాను చూసుకుంది.

కింద ఇంకొన్ని వరసలున్నాయి. పాట పోయిన మర్నాడు రెండుంబావుకి ప్రార్థనల ఫోల్డరు తెరిచారు, మూశారు. ఆ తర్వాతి రోజూ అంతే. ఒకరోజు వరసగా పదకొండుసార్లు తెరిచి మూశారు. ఈ రోజు కూడా, గంట కిందట, అతను వీధి చివర తుల్సీరాంతో ముచ్చట్లాడుతున్నప్పుడు.

వంటింట్లో ముత్యాలమ్మ కూడికకు వచ్చేవాళ్ళ కోసం పల్లీలు వేయిస్తోంది. రాజు లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. "అమ్మా" అన్నాడు. ఆమె తిరిగి చూసింది. "ఉప్పు కొంచెం తక్కువెయ్యి" అని వెనక్కి వచ్చేశాడు. ముందుగా పెట్టెలో ఆ నియమం పీకి పారేసి, బయట నిలబడి హెప్సిబాకు ఫోను చేశాడు. ఆమెకు అంతా చెప్పాడు.

"ఇప్పుడే చెప్పండి ఆమెకు. కూడిక కంటే ముందే" అంది.

"దొరుకుద్దేమో చూసొచ్చి చెప్త."

"దొరికినా దొరక్కపోయినా చెప్పాల్సిందే కదా. పుండును దాచిపెడితే ఏమైతదో నేను రోజూ చూస్తనే ఉన్న."

అయినా రాజు బండి తీశాడు. గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలంలో ఆ సభలు వీడియో తీసిన శ్రీనివాస్ స్టూడియోకి పోయాడు. శ్రీనివాస్ విషయం విని పాపం జాలిపడ్డాడు గానీ, జాలి వీడియో కాదు కదా. "ఆరేండ్లాన్నా? మూడు నెల్లకే కార్డులు తుడిచేస్తం. మీ ఇంట్ల ఉందని నిమ్మళంగ ఉన్నం" అన్నాడు. పోయిన ఫైళ్ళను వెలికితీసే సాఫ్ట్‌వేరు ఉంది కదా, ప్రయత్నిద్దామా అని రాజు అడిగాడు. తీసేసిన తర్వాత దాంట్లో ఏమన్నా ఎక్కించావా అని శ్రీనివాస్ అడిగాడు. నాలుగు వందల జీబీల పెళ్ళి ఎక్కించానన్నాడు రాజు. "ఇంక దాని మీద ఆశ పెట్టుకోకన్నా" అన్నాడు శ్రీనివాస్.

తిరిగి వచ్చేసరికి హాల్లో చాపలు పరిచారు. ఒక్కొక్కరే వస్తున్నారు, వందనాలు వందనాలు అంటూ. తుల్సీరాం కూడా వచ్చి వెనక గోడకు ఆనుకున్నాడు. అతనిది వేరే దేవుడైనా, పక్కింటివాడిగా టీకి ఎప్పుడూ వస్తాడు, పాటలంటే చెవి కోసుకుంటాడు. రాజు తేలు కుట్టిన దొంగలా ఓ మూల కూర్చున్నాడు. పాస్టరు వచ్చీరాగానే టీవీ వైపు చూసి, "పెట్టినవా?" అని సైగ చేశాడు. "తర్వాత, అయ్యగారూ" అని రాజు గొణిగాడు. హెప్సిబా భర్త వైపు చూసిన చూపును ఇక్కడ రాయకపోవడమే మంచిది.

రెండు పాటలయ్యాయి, వాక్యమయింది. సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు, తప్పు ఒప్పుకునేవాళ్ళు, లేచి నిలబడి రెండు మాటలు చెప్తారు. రాజు జన్మలో సాక్ష్యం చెప్పలేదు. ఆ సమయానికి టీ పొయ్యి మీద పెట్టే వంకతో వంటింట్లోకి జారుకోవడం అతని అలవాటు. ఆ రోజు కూడా లేవబోయాడు. అంతలో ముత్యాలమ్మ లేచింది.

గొంతు పోయాక ఆమె కూడికల్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఫ్యాను చప్పుడుకు మాట వినపడదని ఎవరో స్విచ్చి ఆపారు. అందరూ ముందుకు వంగారు.

"అందరికి వందనాలు" అంది ముత్యాలమ్మ. "నేనొక తప్పు చేసిన. తొమ్మిది రోజులైంది, ఎవరికి చెప్పలే. నా కొడుకు పెట్టెను పాడు చేసిన. రిమోట్ల ఏం నొక్కిన్నో నాకే తెల్వదు. నా పాట పోయింది. దాంతోని అయ్యగారి వాక్యాలు పోయినయి, నా మనుమరాలి బాప్తిస్మం పోయింది, అన్ని పోయినయి. వాడు షిఫ్టు చేసొచ్చి, నిద్ర లేకుండ కూసోని పెట్టుకున్నయి అవన్ని. చెప్తే వాడు తిట్టడు. ఊకుంటడు. అది నేను చూడలేనని చెప్పలే. ఇయ్యాల మీరందరు నా పాట అడిగిన్రని వచ్చినోళ్ళు చెప్తే తెలిసింది. ఇంక దాచేది లేదు. నన్ను క్షమించమని ప్రార్థన చెయ్యుండ్రి. వాడు బాధపడకుండ గూడ చెయ్యుండ్రి."

చెప్పి, కొడుకు వైపు చూడకుండా కూర్చుంది. రాజుకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిది రోజులు తను క్యాంటీన్లో గొప్పలు చెప్పుకుంటూ తిరిగితే, తన తప్పును ఈ ముసలి ప్రాణం తన తప్పనుకుని మోస్తూ, పల్లీలు వేయిస్తూ, స్తుతికి జడలు వేస్తూ తిరిగింది. ఈ రోజు అంతా తెలిసి కూడా తను ఉప్పు తక్కువెయ్యమని వచ్చేశాడు. ఆ సిగ్గుతో పోలిస్తే పదిమందిలో లేచి నిలబడటం ఏపాటిది? లేచాడు.

"అమ్మ ఏం నొక్కలే" అన్నాడు. "నేను తీసేసిన. నేనే."

తర్వాత అంతా చెప్పాడు, ఏదీ దాచుకోకుండా. ఎర్ర గీత, సగం సినిమాలు, తను రాసిన నియమం, చదవకుండా నొక్కిన మీట. ఆమేన్ దాకా చూసిన పాపానికి ప్రార్థనలన్నీ పోయి, ఎవరూ చివరిదాకా చూడని పాపానికి సినిమాలన్నీ మిగిలాయన్న దగ్గరికి వచ్చేసరికి పాస్టరు ప్రభు కళ్ళజోడు తీసి మొహం కిందికి దించుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. చూస్తే నవ్వాపుకుంటున్నాడు. ఆయన నవ్వు చూసి చాపల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. వెనక నుంచి తుల్సీరాం, "మా బిడ్డ పెండ్లికి ఇంత పని చేసినవా తమ్మీ" అని తల పట్టుకున్నాడు. హెప్సిబా కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. రాజు నవ్వలేదు, ముత్యాలమ్మా నవ్వలేదు.

"అంటే నేను చెడగొట్టలేదా?" అంది ఆమె.

"లేదమ్మా."

"తొమ్మిది రోజులు నిద్ర లేదు రా నాకు."

రాజు వెళ్ళి ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. "నువ్వు రోజూ చూస్తవని నాకు తెల్వదమ్మా. ఆ రోజు అడిగితే నావి ఏం లేవంటివి."

"ఏమని చెప్పాల్రా?" అంది ముత్యాలమ్మ. ఇప్పుడు గది మొత్తం మళ్ళీ నిశ్శబ్దమైంది, ఆమె మాట వినడానికి. "గొంతు పోయింది. పోనీ, ప్రాణముంది, దేవునికి స్తోత్రం అనుకున్న. కానీ అది ఎట్లుండేదో మర్చిపోతనేమోనని భయమైతది. అందుకే పోయి చూసుకునేదాన్ని. గొంతు లేనిదానికి పాట మీద ఇంత యావేందని నవ్వుతరని ఎవరికి చెప్పలే."

రాజు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, నలభై రెండేళ్ళ మనిషి, పదిమంది చూస్తుండగా ఏడ్చాడు. ఎవరూ వారించలేదు. ముత్యాలమ్మ కాసేపు అతని తల నిమిరి, తర్వాత భుజం మీద తట్టింది.

"చాల్లే. ఫోన్ తియ్."

"ఎందుకు?"

"పాట నాలనే ఉంది గదా. పోయింది నీ పెట్టెలది. పాడుత, తీసుకో."

"అత్తమ్మా, డాక్టరు గొంతుకు శ్రమ పెట్టొద్దన్నడు" అని హెప్సిబా సగంలో ఆగింది. అత్త మొహం చూసి, తానే వెళ్ళి వీధి తలుపు వేసి, వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపేసి వచ్చింది. రాజు ఫోను తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫోను కదలకుండా స్తుతి తండ్రి మోచేతుల కింద తన చేతులు ఆనించింది. పాత పాట కొద్దికొద్దిగా గుర్తున్న ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టబోయారు. "ఎవరు కలపకుండ్రి" అంది ముత్యాలమ్మ.

"ఏరు దాటించినోడా, ఎండల నీడైనోడా" అని అందుకుంది. అది ఒకప్పటి గొంతు కాదు. బొంగురుగా, గాలి ఎక్కువై, మాట తక్కువై వచ్చింది. ఎత్తుకు ఎక్కాల్సిన చోట ఎక్కలేక ఆగిపోయింది. ఆగి, ఆ ఒక్క వరసను పాడకుండా, ఎదురుగా ఉన్న మనిషితో చెప్తున్నట్టు మామూలుగా చెప్పింది. మళ్ళీ కింది వరసలో పాట అందుకుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా విజిల్ లాంటి సన్న చప్పుడు వస్తోంది. రాజుకు పాత వీడియోలో ఆమె ఎలా పాడిందో గుర్తుంది, హాలు దద్దరిల్లింది. ఈ పాట వినడానికి మాత్రం ఇరవై మంది ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. తుల్సీరాం తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాలుగు చరణాలూ పాడింది. చివరి మాట అయిపోయింది. ఇరవై నోళ్ళు అలవాటు ప్రకారం ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ముత్యాలమ్మ గభాలున చెయ్యెత్తింది.

"ఆగుండ్రి. ఆమేన్ అనకుండ్రి ఎవరు."

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. "అదేందమ్మా?" అన్నాడు పాస్టరు ప్రభు.

"అంటే పూర్తయినట్టే గదా అయ్యగారూ. ఆ పెట్టె మళ్ళ తీసుకపోతది."

ఆ నియమాన్ని మధ్యాహ్నమే పీకి పారేశానని రాజు చెప్పబోయాడు. తల్లి మొహం చూసి మానుకున్నాడు. ఫోను ఆపి, ఆపినట్టు ఆమెకు చూపించాడు. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని తెర మీదికి వంగి, అందులో తన మొహం కదలకుండా ఆగి ఉండటం చూసింది. ఒకసారి వేలితో తాకింది. తర్వాత లేచి నిలబడి కొంగు సర్దుకుంది. గదిలో అందరూ లేచారు.

"ఇగ అనుండ్రి" అంది ముత్యాలమ్మ.